ఎండ యంత్రానికి బొట్టు

1998. మదనపల్లెలో చిన్న వర్క్‌షాపు పెట్టుకుని, పరిశోధన పరికరాలకు కంట్రోల్ పెట్టెలు, డేటా లాగర్లు తయారు చేసేవాణ్ణి. డేటా లాగర్ అంటే పరికరం చెప్పిన రీడింగులను దాచి ఉంచే పెట్టె. తయారు చేయడం ఒక ఎత్తు, వాటి వెంట బస్సుల్లో తిరగడం ఒక ఎత్తు. ఆ ఏడాది పుంగనూరు బస్సు పేరెత్తితేనే నీరసం వచ్చేది.

పుంగనూరు దగ్గర ఒక చేనులో సుజాత అనే పరిశోధకురాలు వేరుశనగ వేసింది. మొక్క ఎంత ఎండకు ఎంత నీరు తాగుతుందన్నది ఆమె థీసిస్. ఎండను కొలవడానికి స్తంభం మీద పైరనోమీటర్ బిగించాం. గాజు బుడగ కింద ఉండే సెన్సార్ అది. సుజాత కుప్పంలో ఉంటూ, నెలకోసారి వచ్చి రీడింగులు తీసుకెళ్లేది. అవి చెడితే పంట పోయినట్టే, చదువు ఇంకో ఏడాది వెనక్కి పోయినట్టే.

చిక్కేమిటంటే, పొద్దున రీడింగులు బాగానే ఉండేవి. మధ్యాహ్నం దాటితే మబ్బు లేకున్నా ఎండ సగానికి పడిపోయేది.

"సార్, మీ పెట్టె వేడెక్కి తప్పు చెప్తాండాదేమో సూడండి," అంది సుజాత ఫోనులో.

నాకూ అదే అనుమానం. సెన్సార్ ఇచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే యాంప్లిఫయర్ కార్డు వేడికి గాడి తప్పడం మాకు కొత్త కాదు. వెళ్లి కార్డు మార్చాను. నా ఎదుట సాయంత్రం దాకా బుద్ధిగా పనిచేసింది. తరువాత సుజాత తీసిన రీడింగుల్లో చూస్తే, వారం తిరక్కముందే మళ్లీ అదే రోగం. ఇంకోసారి వెళ్లి కేబుల్ మార్చాను. ఫలితం లేదు. వైద్యుణ్ణి చూడగానే తగ్గిపోయే జబ్బుకు ఏ మందు వేస్తాం?

ఒక శుక్రవారం వేరే పని మీద కుప్పం వెళ్తే ఆఫీసరు సెలవు. గోరుచుట్టు మీద రోకటిపోటు, తిరుగు బస్సు పలమనేరులో చెడిపోయింది. ఇంకో బస్సు పట్టుకుని పుంగనూరులో దిగి, ఎవరికీ చెప్పకుండా చేనికి వెళ్లాను.

స్తంభానికి కనకాంబరాల దండ. గాజు బుడగకు పడమటి వైపు దట్టంగా పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. తూర్పు తిరిగి దండం పెట్టుకునే మనిషి చేతికి అందే వైపు అదే. మధ్యాహ్నం ఎండ వచ్చేదీ అటునుంచే.

చేనికి కాపలా ఉండే మునెప్పను పిలిచాను.

"శుక్రవారం గదా సార్. యంత్రానికి బొట్టు పెట్టకుండా ఎట్లా?"

"నేనొచ్చినప్పుడు ఎప్పుడూ లేదే?"

"మీరొచ్చినా, తానొచ్చినా సుజాతమ్మ ముందే కబురు చేస్తాది. మీరొచ్చేటప్పుడు మురికిగా ఉండకూడదని శుభ్రంగా తుడిసి పెడతా."

కోప్పడే ఓపిక కూడా లేక గట్టు మీద కూలబడ్డాను. ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేస్తే సుజాత దొరికిన బస్సెక్కి వచ్చింది. గాజు బుడగ మీది పసుపును వేలితో గీకి చూసింది.

"యాల పెట్టినావప్పా?" అని మునెప్పను అడిగింది.

"నీకోసరమే తల్లీ. నీ సదువు గట్టెక్కల్లని మొక్కుకున్నా."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుని చేనును చూస్తూ నిలబడింది. తరువాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సరేలేప్పా. ఇంకో పంట పెడతాం. ఈతూరి మొక్కు, గాజుకు మాత్రం పెట్టొద్దు."

మునెప్ప తలకాయ వంచుకున్నాడు. నాకు ఆమె మీద జాలి, అతని మీద అంతకంటే ఎక్కువ జాలి కలిగింది.

ఆ పంట లెక్కకు రాలేదు. మరుసటి ఏడు విత్తే ముందు స్తంభానికి నడుమెత్తులో ఒక ఇత్తడి రేకు బిగించాను. మునెప్ప శుక్రవారం శుక్రవారం దానికే పసుపు పూశాడు. సుజాత థీసిస్ ఆ ఏడు గట్టెక్కింది.

అప్పటినుంచి నేను గీసే ప్రతి డ్రాయింగులో సెన్సార్‌కు దూరంగా ఒక ఖాళీ రేకు ఉంటుంది. ఇది దేనికని కుర్ర ఇంజనీర్లు అడుగుతారు. బొట్టుకు అంటాను. యంత్రాన్ని నమ్మిన మనిషి దాన్ని ముట్టుకోకుండా ఉండలేడు. ఆ చెయ్యి ఎక్కడ పడాలో చోటు చూపించడం కూడా మా పనే.