ఫొటోలో చెరిపేసిన దిష్టిబొమ్మ

దెయ్యాలు, దిష్టి, చేతబడి అని ఎవరైనా మొదలుపెడితే అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. ఇప్పుడూ అంతే. మా నాన్న లూథరన్ మిషన్ స్కూల్లో హెడ్‌మాస్టరుగా చేశారు. మా ఇంట్లో పొద్దున్నా సాయంత్రం ప్రార్థన ఉండేది గానీ, ఉప్పు తిప్పడాలూ మిరపకాయలు కాల్చడాలూ ఉండేవి కావు. ఇది చదివి నన్ను కూడా ఆ బాపతు మనిషిగా లెక్కేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది ముందే చెప్పేస్తున్నాను.

నా పని కట్టడాల ఫొటోలు తియ్యడం. పాతవీ తీస్తాను, కొత్తవీ తీస్తాను. పోర్చుగల్‌లో మూతపడ్డ ఒక మఠంలో, ఈజిప్టులో ఎవరూ రాని సమాధి గదుల్లో, అమెరికాలో ఖాళీ చేసేసిన ఒక పెద్ద ఆఫీసు భవనంలో ఒంటరిగా ట్రైపాడ్ పెట్టుకుని వెలుతురు కోసం గంటలు గంటలు కూర్చున్నాను. ఎక్కడా నాకు ఏదీ కనపడలేదు, వినపడలేదు. ఇంత తిరిగి వచ్చాక కడియంలో, అదీ రాజమండ్రిలోని మా ఇంటికి అరగంట దూరంలో, పట్టపగలు తగులుకుంది.

అప్పుడు నేనొక పుస్తకం చివరి దశలో ఉన్నాను. ప్రచురించేది బయటి దేశం వాళ్ళు. ఒక్కో నది చుట్టుపక్కల ఒక పాత కట్టడం, ఒక కొత్త కట్టడం, పక్కపక్క పేజీల్లో. ఇరవై ఏళ్ళ నా పనిలోంచి ఏరినవే ఎక్కువ. అన్నీ అయిపోయి గోదావరి ఒక్కటే మిగిలింది. పాతదానికి కోరుకొండ ఎక్కి గుడి ఫొటో తీసుకొచ్చాను. కొత్తదానికి కడియంలో ఒక నర్సరీ యజమాని కట్టుకున్న ఇల్లు ఎంచుకున్నాను.

ఆ ఇల్లు నిజంగా బాగుంటుంది. చుట్టూ ఎకరాలకి ఎకరాలు మొక్కలు, మధ్యలో రంగు వెయ్యకుండా వదిలేసిన సిమెంటు గోడలు. మేడ మీది స్లాబు ముందుకి బాగా చొచ్చుకొచ్చి, కింద స్తంభం అన్నది లేకుండా గాల్లో నిలబడి ఉంటుంది. ఆ స్లాబు అంచే ఆ ఇంటి అందం.

సరిగ్గా ఆ అంచుకి, ఎడమ మూలన, కొబ్బరి తాడుతో దిష్టిబొమ్మ వేలాడదీశారు. గడ్డి కుక్కిన ప్యాంటు, ఎర్రగళ్ళ చొక్కా, బార్లా చాపిన చేతులు, తలకి బోర్లించిన కుండ. కుండ మీద తెల్లటి గుడ్లు, నల్ల మీసాలు, బయటికొచ్చిన నాలుక. మన వైపు కట్టే ప్రతి ఇంటికీ ఉండేదే. కానీ నా ఫ్రేములో ఆ అంచు మీద అది తెల్లచొక్కా మీద పడ్డ పులుసు మరకలా ఉంది.

ఇంటాయన పేరు రాంబాబు గారు. మంచి మనిషి. నేను అడగ్గానే "దాందేముందండి, ఓ గంట దింపించేద్దాం" అన్నారు. ఆ మాట పూర్తి కాకుండానే లోపల్నించి ఆయన భార్య సత్యవేణి గారు వచ్చారు. చేతిలో కాఫీ గ్లాసుంది. నాకోసం తెచ్చిందే. అది నాకివ్వకుండా అరుగు మీద పెట్టేశారు.

"దింపడానికి లేదండి. గృహప్రవేశమై ఏడాదన్నా కాలేదు."

గంటసేపే అని చెప్పాను. ఈ ఫొటో చాలా దేశాల్లో చూస్తారని, వాళ్ళింటికి ఎంత పేరొస్తుందోనని కూడా అన్నాను. ఆవిడ ముఖం ఇంకా బిగుసుకుపోయింది.

"అదేనండి నా భయం. రోడ్డున పోయే నలుగురు చూత్తారనే కట్టుకున్నాం దాన్ని. ముందు దాని మీద పడాలి ఎవరి కన్నైనా. మీరు అది లేకుండా ఇల్లు పట్టుకెళ్ళి దేశాలన్నిటికీ చూపెడతానంటున్నారు. ఆ చూపులన్నీ ఎవరి మీద పడాలండి?"

నాకు విసుగొచ్చింది. సరే ఉంచుకోండి, ఫొటోలో నేను తీసేసుకుంటాను లెండి అన్నాను.

"ఫొటోలో తీసినా తీసినట్టే కదండీ" అన్నారావిడ. "మీకు ఇలాంటివి ఉండవు. మాకున్నాయి. వద్దంటున్నాను కదా."

రాంబాబు గారు ఆవిడకి సర్దిచెప్పి లోపలికి పంపించారు. కాఫీ అరుగు మీదే చల్లారిపోయింది. నేను నా పని చేసుకున్నాను. కెమెరా వ్యూఫైండర్‌కి ఎప్పుడూ కుడి కన్నే పెడతాను. ఆ వేళ చాలాసేపు ఆ కంటితో ఆ స్లాబునే చూశాను, అంటే బొమ్మని కూడా.

ఇంటికొచ్చి చెరిపేశాను. కంప్యూటర్లో ఇదేం పెద్ద పని కాదు. బొమ్మ పోయింది, తాడు పోయింది, వెనక ఆకాశం వచ్చి కూర్చుంది. కరెంటు తీగలూ డిష్ యాంటెన్నాలూ ఎన్ని చెరపలేదు నేను! స్లాబు అంచు గీత గీసినట్టు వచ్చింది. ఫొటో పంపించాను. ఆ పుస్తకం ఎడిటర్ చూసి తెగ మెచ్చుకుంటూ జవాబు రాసింది. నాకు చాలా సంతోషంగా అనిపించింది. ఆ సంతోషం కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది మర్నాటి వరకే ఉంది.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ బాల్కనీలో నుంచుంటే, ఎదురు అపార్ట్‌మెంటు పైఅంతస్తుకి ఎడమ మూలన దిష్టిబొమ్మ కనపడింది. ఎవరో కొత్తగా కట్టారనుకున్నాను. పాత అపార్ట్‌మెంటుకి ఇప్పుడెందుకో అని నవ్వుకున్నాను కూడా. కూరగాయలకి వెళ్తే బ్యాంకు భవనానికీ ఉంది. పక్కనున్న స్కూలుకీ ఉంది. గళ్ళ చొక్కా, చాపిన చేతులు. నాకు నవ్వు పోయింది.

కన్ను నలుపుకుందామని చెయ్యి కుడి కంటికి పెట్టుకున్నాను. బొమ్మ లేదు. చెయ్యి తీశాను. ఉంది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూస్తే తాడు లేకుండా, అంచుకి అతుక్కుని, స్పష్టంగా ఉంది. కూరగాయల సంచీ అక్కడే పెట్టేసి గోదావరి గట్టుకి వెళ్ళాను. నీళ్ళ మీద లేదు. వంతెన మీద లేదు. చెట్ల మీద, మనుషుల మీద, బస్సుల మీద లేదు. వెనక్కి తిరిగి ఊరివైపు చూస్తే ప్రతి మేడకీ ఉంది. ఎడమ మూలనే.

నేను చదువుకున్నదాన్ని. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చుక్కలు వేశారు, లైట్లు కొట్టారు, గళ్ళ కాగితం చూపించారు. గళ్ళన్నీ నాకు తిన్నగానే కనపడ్డాయి. కన్ను శుభ్రంగా ఉంది, వయసుకి తగ్గట్టుందన్నారు. ఏం కనపడుతోందో మాటల్లో చెప్పలేక, కిటికీలోంచి ఎదురు బిల్డింగు చూస్తూ కాగితం మీద గీసి ఇచ్చాను. ఆయన చూసి నవ్వారు.

"దిష్టిబొమ్మ కదండీ ఇది. ఆ బిల్డింగుకి కట్టి ఉంటారు."

కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూశారు. ఆ బిల్డింగు పైనించి కిందిదాకా వెతికారు. తిరిగొచ్చి, ఈ మధ్య నిద్ర సరిగా పడుతోందా అని అడిగి, తలకి స్కానింగు రాసిచ్చారు. అందులోనూ ఏమీ లేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. పుస్తకం అచ్చుకి ముందు పేజీలన్నీ చూసుకోమని పంపించారు. తెరిచాను. పోర్చుగల్ మఠానికి ఉంది. ఈజిప్టు సమాధి గోడకి ఉంది. అమెరికా ఆఫీసు భవనానికి ఉంది. కోరుకొండ గుడి గోపురానికి ఉంది. ఎండలో పడి, చలిలో పడి, పోలీసుల చేత తిట్లు తిని తీసిన నా ఫొటోలు. ఒక్కదాన్నీ వదల్లేదు. అన్నిటికన్నా అన్యాయం, చూపు మారింది. కడియంలో దాని గుడ్లు రోడ్డువైపు చూసేవి. వీటిల్లో, ఏ పక్కనించి తీసిన ఫొటోలోనైనా, అది నన్నే చూస్తోంది.

నేను ఏడ్చాను. భయంతో కాదు, కోపంతో. ఎడమ కన్ను ఒక్కదానితోనే పేజీలు చూసి సరే అని పంపించేశాను. కడియం ఇంటి పేజీ ఒక్కటే రెండు కళ్ళకీ ఒకేలా కనపడింది. ఖాళీ స్లాబు.

అప్పుడే సత్యవేణి గారు ఫోన్ చేశారు. హలో అనలేదు.

"మా బొమ్మ ఏం చేశారండి?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ అరుస్తూనే చెప్పారు. నేను ఫొటోలు తీసిన మర్నాడు పొద్దున లేచి చూస్తే స్లాబుకి తాడు మాత్రమే ఉందట. కింద గడ్డిపరక లేదు, కుండ పెంకు లేదు. కొత్తది కట్టించారట. మూడు పూటలు నిలవలేదు. ఇంకోటి కట్టించారట. అదీ ముక్కలై పడింది. ఈలోపు రాంబాబు గారు మొక్కల లోడెత్తిస్తూ లారీ మీంచి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు.

"లారీ మీంచి పడ్డానికీ బొమ్మకీ ఏంటండీ సంబంధం?" అని నేనూ అరిచాను. "కోతులు పట్టుకుపోయి ఉంటాయి."

"ఆయ్, కోతులే. కెమెరా పట్టుకొచ్చిన కోతి" అని పెట్టేశారు.

ఫోన్ పడేసి కంప్యూటరు ముందు కూర్చున్నాను. చెరిపింది కాపీలో. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు ఎప్పుడూ ముట్టుకోను. అది తెరిచి ఆవిడ మొహాన కొట్టాలనుకున్నాను, ఇదిగో మీ బొమ్మ ఇక్కడే ఉంది అని. తెరిచాను. స్లాబు ఉంది. ఆకాశం ఉంది. ఎడమ మూలన కొబ్బరి తాడు కిందికి వేలాడుతోంది. తాడు చివర ఏమీ లేదు.

ఆ వేళ తీసినవన్నీ తెరిచాను. మెమరీ కార్డు పెట్టి చూశాను. రెండో డిస్కులో చూశాను. రెండు కళ్ళతో చూశాను, ఒక్కో కన్నూ మూసి చూశాను. అన్నిట్లో తాడే. చెరపడానికి అక్కడ ఏమీ లేకపోతే నేను ఆ రోజు చెరిపింది ఏంటి?

ఎడిటర్‌కి ఫోన్ చేసి కడియం పేజీ తీసెయ్యమన్నాను. ఆలస్యమైపోయిందని, అచ్చు మొదలైందని చెప్పింది. ఇప్పుడు ఆ పుస్తకం చాలా దేశాల్లో షాపుల్లో ఉంది. ఎవరెవరో ఆ ఇంటిని చూస్తూనే ఉంటారు, సత్యవేణి గారు భయపడ్డట్టుగానే.

ఆ తర్వాత నేనే కడియం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో సరిగ్గా తెలీదు. మందులు, చర్చిలో పాస్టరు గారి ప్రార్థన, మా పక్కింటావిడ బలవంతాన తీసిన దిష్టి, దేంతోనూ పోలేదు. కట్టడాల ఫొటోలు తీసి బతికేదాన్ని, కట్టడం కనపడితే తల దించుకుని నడుస్తున్నాను. కుడి కంటికి దూది పెట్టి ప్లాస్టరు వేసుకుని, ఎడమ కంటితో నెమ్మదిగా కారు నడుపుకుంటూ వెళ్ళాను.

గేటు బయట నుంచుని ప్లాస్టరు పీకేశాను. కుడి కంటితో చూశాను.

స్లాబు అంచున బొమ్మ లేదు. తాడు గాలికి ఊగుతోంది. ఇన్నాళ్ళలో ఆ కంటితో నేను చూసిన కట్టడాల్లో బొమ్మ లేనిది అదొక్కటే. ఎంత శుభ్రంగా ఉందో ఆ అంచు. తాడు ఒక్కటి తప్ప, నేను ఆ ఫొటోలో ఎలా కావాలనుకున్నానో అచ్చం అలాగే ఉంది.

సత్యవేణి గారు గేటు దాకా వచ్చారు. తియ్యలేదు. సగానికి సగం అయిపోయారు మనిషి. ఆవిడ వెనక, వరండాలో రాంబాబు గారు మంచం మీద పడుకుని ఉన్నారు. నన్ను చూసి ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఈసారి ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎక్కడుందో చెప్పండి చాలు. మిమ్మల్నేమీ అనం. మేమే వెళ్ళి తెచ్చుకుంటాం."

నేను తల తిప్పి చూశాను. రోడ్డుకి అవతల ఎరువుల కొట్టుంది. దాని పైకప్పుకి, ఎడమ మూలన, అదే ఎర్రగళ్ళ చొక్కా వేసుకుని, చేతులు చాపుకుని నన్ను చూస్తోంది. ఆవిడకి కూతవేటు దూరంలో.

నాకు తెలీదండి అని చెప్పాను. ఇది ఏంటో, ఎందుకో నిజంగానే ఇప్పటికీ నాకు తెలీదు. ఆవిడ నేను చూసిన వైపే చాలాసేపు చూశారు. తర్వాత గేటుకి తాళం వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు.