ఒక కుర్చీ, ఇద్దరు తోడికోడళ్ళు

బహుమతి కప్పులు అమ్మే దుకాణంలో వెనక గది పెద్దకోడలిది. అంటే దుకాణం ఆమెది కాదు, గదీ కాదు. కిటికీ పక్క కుర్చీ మాత్రం పద్నాలుగేళ్ళుగా ఆమెదే. కప్పుకు అతికించే ఇత్తడి రేకు మీద పెన్సిలుతో అక్షరాలు గీయడం ఆమె పని. ఆ గీతల వెంట చిన్న ఉలితో చెక్కేది ఎదురుగా కూర్చునే తోడికోడలు. ఊళ్ళో ఎవరు ఏం గెలిచినా వీళ్ళ చేతుల మీదుగానే గెలవాలి. వీళ్ళు మాత్రం మాటల్లో ఒకరి మీద ఒకరు తప్ప ఇంకేమీ గెలిచి ఎరగరు.

ఆ గదిలో ఒక రహస్యం ఉంది. తోడికోడలికి చదువు రాదు. గీత కనబడితే వెంట్రుకవాసి తప్పకుండా చెక్కుతుంది. అది 'క' అయినా కాకి బొమ్మయినా ఆమెకొకటే. ఈ సంగతి పెద్దకోడలికి తప్ప ఎవరికీ తెలియదు. సొంత కూతురు కూడా అమ్మకు చదువొచ్చనే అనుకుంటోంది. రోజూ అరగంట పేపరు పట్టుకుని కూర్చుంటుంది మరి.

ఒకనాటి పొద్దున యజమాని వచ్చి, ఎనిమిది రోజుల్లో మిషన్ వస్తోందన్నాడు. అక్షరాల మీటలు నొక్కితే అదే చెక్కుతుందట.

"ఒక్కరు చాలమ్మా. ఎవరో నేను తేల్చను. బడి కప్పుకి పెట్టాల్సిన పేరు ఈ రెండు కాగితాల మీదా రాశాను. ఇవాళే చెరో రేకూ చెక్కండి, వేరువేరుగా. పోటీ అన్నమాట," అన్నాడు, ధర్మం నిలబెట్టినట్టు. మీటలు నొక్కే మనిషిని ఉలి పట్టించి ఎంచుకోవడమేమిటని ఆయన్ను ఎవరూ అడగలేదు.

పెద్దకోడలికి ఆ కుర్చీ కావాలి. ఇందులో దాపరికమేం లేదు. ఇంట్లో ఆమె ఒకరికి వదిన, ఇంకొకరికి పెద్దమ్మ. ఈ కుర్చీలో మాత్రం పనిమంతురాలు. ముందుగదిలో అలమర పక్కన కూర్చున్న తోడికోడలు రెండుసార్లు తలుపు దాకా వచ్చి, "అక్కా, ఈ ఒక్కటీ గీసిపెట్టవూ," అంది.

"పోటీ కదే," అంది పెద్దకోడలు తల ఎత్తకుండా. అన్నాక గీసిన గీతే మళ్ళీ గీసింది. అయినా తల ఎత్తలేదు.

సాయంత్రం రెండు రేకులూ బల్లమీదికొచ్చాయి. పెద్దకోడలి రేకులో ఒక్క అక్షరదోషం లేదు, ఒక్క తిన్నని గీతా లేదు. తోడికోడలిది అద్దంలా ఉంది. అప్పుడే ఆ కప్పు కోసం బడి టీచరు వచ్చింది. తోడికోడలి కూతురికి పాఠం చెప్పేది ఆవిడే. నిగనిగలాడే రేకు అందుకుని చదివి, "ఇది పోయినేడాది గెలిచిన పిల్ల పేరండీ," అంది.

యజమానిది గొలుసుకట్టు రాత. అందులో ఏ అక్షరం ఎక్కడ మొదలైందో తెలియక, తోడికోడలు అలమరలో ఉన్న అదే బడి పాత కప్పు చూసి, ఏడాదితో సహా మక్కికి మక్కి దించేసింది.

గది బిగుసుకుపోవడం చూసి టీచరు మాట మార్చింది. "కాంపిటీషన్ అనే మాట లాటిన్‌లోంచి వచ్చిందట, తెలుసా? మొదట్లో దానర్థం ఓడించడం కాదు, కలిసి వెతకడం."

"మాకు లాటిన్ దాకా ఎందుకండీ?" అంది పెద్దకోడలు. "తోడికోడళ్ళం. తోడు అని మా పేరులోనే పెట్టారు. ఆ పేరు పెట్టినావిడ ఇంట్లో ఒక్కతే కోడలయి ఉంటుంది."

టీచరు నవ్వింది. యజమాని నవ్వలేదు. "కాగితం చేతిలో ఉండగా పాత పేరెందుకు చెక్కావమ్మా?" అని తోడికోడలిని అడిగాడు.

ఆమె యజమానిని చూడలేదు, టీచరును చూసింది. ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. పెద్దకోడలు ఇప్పుడు ఊరుకుంటే చాలు, కుర్చీ తనదే.

"నేనే చెప్పానండీ, పాత కప్పు చూసి చెక్కమని," అంది పెద్దకోడలు. "ఎలాగైనా నేనే గెలవాలని."

సగం అబద్ధం, సగం నిజం. యజమాని మొత్తం నమ్మి, మర్నాటి నుంచి రావద్దన్నాడు. టీచరు ముందు ఆ మాట అన్నందుకు పెద్దకోడలికి ఏడుపు ముంచుకొచ్చింది.

ఇంటి దారి పొడుగునా తోడికోడలు వెక్కుతూనే ఉంది. "ఆ మిషన్‌కి అక్షరాలు కావాలి. నాకు ఉలి తప్ప ఏం తెలుసక్కా? రేపు నిజం చెప్పేస్తాను."

"చెప్పావంటే కాళ్ళు విరగ్గొడతాను. అక్షరాలు యాభై ఆరు, రోజులు ఎనిమిది. రోజుకి ఏడు."

"మరి గుణింతాలో?"

"ముందు నడు. మా వంటింట్లో తలుపేసుకుని కూర్చుందాం. నీ కూతురడిగితే పోట్లాడుకుంటున్నామని చెప్పు. నమ్ముతుంది."