గోపాలప్ప చీర కట్టిన రోజు

మా అత్త మునివెంకటమ్మ నవ్వుకు వేళాపాళా లేదు. కరెంటు పోయినా నవ్వుతుంది, బోరు ఎండినా ఏదో ఒకటి అని పక్కవాళ్ళను నవ్విస్తుంది. నేను చింతామణి టౌనులో పుట్టి పెరిగినదాన్ని. కష్టమొస్తే మా ఇంట్లో ముఖం ముడుచుకుని కూర్చుంటాం. గూళూరు పక్కనున్న ఈ పల్లెకు కోడలిగా వచ్చిన కొత్తలో అత్త నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆమెను ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోను. ఎందుకో చెబుతాను, వినండి.

మాది పట్టుపురుగులు మేపే ఇల్లు. మామ బయ్యప్ప పోయేనాటికి నా మొగుడు మంజునాథ ఇంకా బడిపిల్లవాడు. అత్త ఒంటిచేత్తో మల్బరీ తోట నాటింది, పురుగులు మేపింది, కొడుకును కాలేజీ దాకా చదివించింది. ఆమె లెక్కలో పురుగులంటే మగపెండ్లివారు. తట్టల ముందు నిలబడి ఆకు వేస్తూ వాటితో తగువు పెట్టుకుంటుంది.

"ఏమప్పా, ఇంకా చాల్లేదా మీకి? పొద్దస్తమానం తింటానే ఉండారు, ఒక్కరన్నా బాగుండాది అన్నారా?"

పోయిన ఏడాది ఆ మగపెండ్లివారు మమ్మల్ని నిలువునా ముంచారు. వరసగా రెండు పంటలకు పాలరోగం తగిలింది. పురుగులు ఉబ్బి, తోలు పగిలి, తెల్లటి నీరు కారి చచ్చాయి. గుంట తీసి పూడ్చాం. "భోంచేసి చెప్పకుండా పోయినారు చూడు, మర్యాద తెలీనోళ్ళు" అంది అత్త ఆ రోజు కూడా. అని, పక్కకు తిరిగి ముక్కు చీదుకుంది.

మంజునాథ మాత్రం నవ్వలేదు. "ఈ పంట కూడా పోతే తోట పెరికించేస్తా అమ్మా. బెంగళూరులో క్యాబ్ తోలుకుంటా. ట్రాక్టరాయనికి చెప్పి పెట్టినా" అన్నాడు.

తోట పోతే అత్తకు ఇంకేముంది? ఖాళీ తట్ట ఒకటి తీసి కొంగుతో తుడిచింది. "సరే నాయనా. ఈ ఒక్క పెండ్లి చేసి చూస్తాం" అంది.

బ్లీచింగు పొడితో ఇల్లు కడిగాం, సున్నం చల్లాం, కొత్త పురుగులు తెచ్చాం. అవి నాలుగు జ్వరాలూ దాటాయి. జ్వరమంటే రోగం కాదు. పురుగు మేత మాని పడుకుని పాత తోలు విడవడాన్ని మా వైపు అలాగే అంటారు. నాలుగో జ్వరం లేచాక అవి ఆకు నమిలే చప్పుడు వాన కురిసినట్టే ఉంటుంది. ఒక ఉదయం ఆ వాన ఆగిపోయింది. మళ్ళీ రోగమే అనుకున్నాను. అత్త ఒక పురుగును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. అది పసుపురంగు తిరిగి, లోపల దీపం పెట్టినట్టు మెరుస్తోంది.

"పండినాయి శశీ!" అని నన్ను చూసి అరిచింది.

పండిన పురుగు ఎవరికోసమూ ఆగదు. ఆ పూటే ఏరి, చంద్రికె మీదికి, అంటే గూడు కట్టుకునే వెదురు తడిక మీదికి, చేర్చాలి. ఆలస్యమైతే తట్టలోనే దారమంతా కక్కి పాడుచేస్తుంది. ముగ్గురు మనుషులతో అయ్యే పని కాదది. అందుకే మా ఊళ్ళో ముయ్యి ఉంది. ఎవరింట్లో పురుగు పండినా అందరూ వచ్చి ఏరతారు, కూలి మాటే ఉండదు. వాళ్ళింట్లో పండినప్పుడు మనం పోతాం.

ఆ రోజు ఒక్కరూ రాలేదు. ఇల్లిల్లూ తిరిగిన మంజునాథ తల వేలాడేసుకుని వచ్చాడు. వెనకాలే గోపాలప్ప వచ్చి వాకిలి బయటే ఆగాడు. ఆయన పాల డైరీ అధ్యక్షుడు. ఎప్పుడూ నలగని తెల్ల పంచె, తెల్ల చొక్కా. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు.

"తప్పనుకోవద్దు మునెంకటమ్మా. మీ ఇంట్లో రెండు తూర్లు పాలరోగం వచ్చిండాది. మా పురుగులు మూడో జ్వరంలో ఉండాయి. మీ ఇంట్లోకొచ్చిన గుడ్డలతో మా ఇంట్లోకి పోతే మా గతేమి? అందరి భయమూ అదే."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మా అత్త ఏరని ఇల్లుందా ఈ ఊళ్ళో? నేను నోరు తెరిచేలోపే అత్త నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"న్యాయమే అన్నా. భయం గుడ్డలతోనేనా?"

"గుడ్డలతోనే. ఒళ్ళంటే నీళ్ళు పోసుకుంటే సరిపోతాది."

"అట్లయితే మీ గుడ్డలు బయటనే విడిచి, మావి కట్టుకోని రండి. పొయ్యేటప్పుడు నీళ్ళు కాచి పెడతా. పోసుకోని, మీవి మీరు కట్టుకోని పోదురు."

మాట బాగానే ఉంది. కానీ మంజునాథ ప్యాంటు గోపాలప్ప మోకాళ్ళ దగ్గరే మొరాయించింది. అత్త పెట్టె తెరిచి, ఎర్ర అంచు ఆకుపచ్చ చీర తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పెండ్లికొచ్చినోళ్ళకి కోక పెట్టేది మా ఇంటి మర్యాదన్నా. వద్దనకూడదు."

ఆమె గొంతులో నవ్వుంది, కళ్ళు మాత్రం లోపలి తట్టల మీదే ఉన్నాయి. గోపాలప్ప చీర వైపు చూశాడు, ఆమె ముఖం వైపు చూశాడు. "మా ఆడామెకి చెప్పొద్దండి" అని గొణిగి, చీర తీసుకుని పశువుల కొట్టంలోకి పోయాడు.

బయటికి వచ్చాడండీ! గుబురు మీసాలు, కింద ఆకుపచ్చ చీర, జారిపోతున్న కొంగు.

"కొంగు తట్టలో పడతాంది, నడుముకి దోపుకో వదినా" అంది అత్త. మంజునాథకూ నాకూ నవ్వు ఆగలేదు.

ఇంతసేపూ గడప దాటని ఊరు ఆ నవ్వు విని మా వాకిట్లో దిగింది. అత్త ఎవరినీ వదల్లేదు. "నవ్వినోళ్ళందరికీ కోకలుండాయి, రండి రండి!" అంది. గురప్ప కట్టాడు, ఆంజనేయప్ప కట్టాడు. అత్త చీరలు అయిపోతే నావి తీశాం. నా పెండ్లి పట్టుచీర చెన్నరాయప్ప నడుముకు చుట్టుకున్నప్పుడు ప్రాణం ఉసూరుమంది. అయినా కుచ్చిళ్ళు నేనే సర్ది పంపాను.

ఆ ఏరడమూ ఒక ఏరడమేనా! నవ్వుతూనే చేతులు పరుగెత్తాయి. పొద్దు నడినెత్తికి రాకముందే పురుగులన్నీ చంద్రికెలెక్కాయి. ఫోటో ఎవరు తీశారో గానీ, డైరీ వాట్సాప్ గ్రూపులో పడింది. అది చూసి గోపాలప్ప పగలబడి నవ్వాడు.

ఐదారు రోజులకు గూళ్ళు గట్టిగా, గింజల్లా దిగాయి. మంజునాథ ఒకటి తీసి నొక్కి చూశాడు, చెవి దగ్గర ఆడించాడు. మారు మాట్లాడకుండా ట్రాక్టరాయనకు ఫోన్ చేశాడు. "అన్నా, తోట పెరికేది లేదు. ఒక లోడు ఎరువు తెచ్చి తోలు" అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈసారి అది నవ్వు దాచుకోవడానికి కాదు.

ఆ సాయంత్రం ఆమె, చీర కట్టి ఏరినవాళ్ళ ప్రతి ఇంటి ముందుకూ పోయింది. "మీ గడప తొక్కను, మీ పురుగులు చల్లగా పండనీ" అని వీధిలోనే నిలబడి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

తర్వాత గోపాలప్ప ఇంట్లో పురుగు పండింది. కబురుతో పాటు ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, తెల్ల చొక్కా వచ్చాయి. రోగం చూసిన ఇంటి గుడ్డలు ఆ ఇంట్లోకి పోకూడదు కదా! అత్త వాటిని కట్టుకుంది. తలకు తువ్వాలు చుట్టి, లేని మీసం మెలేసి, వీధి నడిమధ్యన నడిచింది. పిల్లలు ఈలలు వేశారు. గోపాలప్ప భార్య పంపిన చీర కట్టుకుని నేను వెనకాలే నడిచాను.

అప్పుడే బాగేపల్లి బస్సు దిగిన ఒకాయన ఆగి, "ఎవరమ్మా ఆ పెద్దాయన?" అని అడిగాడు.

"పెద్దాయన కాదప్పా" అన్నాను, ఊరంతా వినేలా. "మా అత్త!"