ఎలుకల్లేని బైండింగు షాపు

మా బావ ఒక మాట అన్నాడంటే ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆ దేవుడి తరం కూడా కాదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. నాలుగో కాలు పట్టుకుని చూపిస్తే, "అది కాలెందుకవుతుంది, తోక" అంటాడు. పదకొండేళ్ళుగా అతని బైండింగు షాపులో ఫారాలు, అంటే పుస్తకాల్లోని మడత కాగితాల కట్టలు, కుడుతున్నదాన్ని, పైగా అతని భార్యకి స్వయానా చెల్లెల్ని. నేను కాకపోతే ఈ మాట ఇంకెవరంటారు?

పనిలో మాత్రం పులి. పాత పుస్తకం చేతికిస్తే ముందు వాసన చూస్తాడు, తర్వాత దాని వెన్ను తడుముతాడు, ఆ తర్వాతే తెచ్చినవాళ్ళ మొహం చూస్తాడు. పాత జిగురు గోకి, విడిపోయిన ఫారాలు వరసగా పేర్చి నా ముందు పెడతాడు. నేను కుడతాను. అతను వెన్నుకి జిగురు రాసి, గుడ్డ అంటించి, అట్ట వేసి, ఇనప ప్రెస్సులో బిగిస్తాడు. జిగురు మా అక్క చేతిది. మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో కాస్త నీలం రంగు మైలుతుత్తం కలుపుతుంది. పురుగు పట్టదు, నిజమే. ఆ సంగతి ఎలుకలకి ఎవరూ చెప్పలేదు.

ఉడికిన మైదా వాసన తగిలితే చాలు, వెనకగదిలో అట్టల దొంతరల మధ్య నుంచి బిలబిలమంటూ దిగేవి. వాటికి మొగుడు మేస్త్రీ. మేస్త్రీ అంటే మా కుక్క. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటే రెండోది వేలాడుతుంటుంది. పొద్దున్నే తాళం తీయగానే బల్ల కిందా ప్రెస్సు వెనకా తిరిగి వాసన చూసి, పనివాళ్ళంతా వచ్చారా లేదా అని లెక్క చూసుకున్నట్టు మా మొహాలు చూసి, అప్పుడు గడపలో కూలబడేది. అందుకే ఆ పేరు. "ఎలుక!" అని ఒక్క మాట అంటే చాలు, తింటున్న తిండి వదిలేసి పరిగెత్తేది. పట్టిందాన్ని తెచ్చి బావ చెప్పుల దగ్గర పెట్టేది.

"శభాష్ రా మేస్త్రీ!" అని బావ దాని మెడ నిమిరేవాడు. చచ్చిన ఎలుకని కాగితంలో చుట్టి పారేసే భాగ్యం నాది.

"శభాష్‌లు నీకు, శవాలు నాకూనా బావా?" అనేదాన్ని.

"మరి పని పంచుకోవాలి కదా మరదలా!" అని నవ్వేవాడు.

ఇలా ఉండగా ఊళ్ళో పెద్ద లైబ్రరీ వాళ్ళు పాత సంపుటాలన్నీ బైండింగుకి ఇద్దామనుకుని, షాపు చూడటానికి వాళ్ళ ఆఫీసరమ్మని పంపారు. బావ జీవితంలో ఎదురుచూసిన పని అది. తోలు వెన్నులు, చేత్తో కుట్టిన పుస్తకాలు. ఇప్పుడు ఎవరు కుడుతున్నారు కనక! ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదకి దింపి షాపంతా ఒకసారి చూసింది.

"ఎలుకలున్నాయా?"

"ఎలుకలా? అమ్మా, ఎలుక బొమ్మున్న పుస్తకాన్ని కూడా గడప తొక్కనివ్వనండి."

అప్పుడు నా చేతిలో ఆ పొద్దున పట్టిన ఎలుక కాగితం పొట్లంలో ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియక దాన్ని వీపు వెనక దాచుకుని నిలబడ్డాను.

"మంచిది. ఉన్నాయని తెలిసిన రోజున మాత్రం పుస్తకాలు వెనక్కి తీసుకెళ్ళిపోతాను" అని ఆవిడ వెళ్ళిపోయింది. ఆ వారమే మొదటి విడత సంపుటాలు వచ్చాయి. బావ నేల మీద నడవలేదంటే నమ్మండి.

తర్వాత వానలు పట్టుకున్నాయి. వీధి కాలువ పొంగి నీళ్ళు వెనకగది గుమ్మం దాకా వచ్చాయి. కలుగులు మునిగిపోయిన ఎలుకలన్నీ మా షాపు మీద పడ్డాయి. మేస్త్రీకి తీరికే లేకుండా పోయింది. ఒక పందికొక్కయితే దాని పెదవి పట్టుకుని కొరికింది కూడా. అయినా వదల్లేదు మా వీరుడు. బావ ఆ గాయం నీళ్ళతో కడిగి, "యుద్ధమన్నాక దెబ్బలు తగలవా" అన్నాడు. గుమ్మం దగ్గర నిలిచిన మడుగులో ఎలుకలు ఈదేవి, మేస్త్రీ అదే మడుగులో నీళ్ళు తాగేది. అందరం చూశాం. ఒక్కరికీ ఏమీ తోచలేదు, మా బుద్ధి మండిపోను.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున మేస్త్రీ లేవలేదు. పాలు పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. ఒళ్ళు కాలిపోతోంది, వణుకుతోంది, నడుం మీద చెయ్యి వేస్తే కుయ్యోమంటోంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. అక్క గుడ్డ తీసుకుని తుడుస్తూ, "ఏమండీ, నా జిగురు గానీ నాకిందేమో! మైలుతుత్తం విషం కదండీ!" అని ఏడుపు మొదలుపెట్టింది. బావ మేస్త్రీని భుజాన వేసుకుని ఆటో ఎక్కాడు. నేనూ ఎక్కాను.

పశువుల ఆస్పత్రిలో డాక్టరు గది తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మం పక్కన బెంచీ మీద, ఒళ్ళో మూత పెట్టిన బుట్టతో ఎవరు కూర్చుని ఉన్నారనుకున్నారు? లైబ్రరీ ఆఫీసరమ్మ! బుట్టలోంచి పిల్లి అరుపు. "మా ఇంటి పిల్లి. తలుపు సందులో కాలు పడింది" అంది మమ్మల్ని చూసి. బావ దణ్ణం పెట్టాడు గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

డాక్టరు మేస్త్రీని బల్ల మీద పడుకోబెట్టి, పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. కామెర్లు పట్టినట్టు లేత పసుపు రంగు.

"ఈ ఏడాది టీకాలు వేయించారా?"

"పోయినేడు వేయించామండి. ఈ ఏడు... పని తొందరలో పడి..."

"ఎలుకల్ని పట్టే అలవాటుందా?"

బావ కళ్ళు బెంచీ వైపు వెళ్ళి వచ్చాయి. "లేదండీ. మా దగ్గర ఎలుకల్లేవు."

"బావా!" అన్నాను.

"నువ్వుండు" అని, చెప్పుకాలితో నా కాలు తొక్కాడు. నేను ఉండిపోయాను. పెద్దవాడని, పదిమందిలో పరువని, పోనీ జిగురే కావచ్చు కదా అని. ఆ ఉండిపోవడం తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

బావ మైలుతుత్తం సంగతి చెప్పాడు. డాక్టరు నొసలు ముడిచాడు. "వాంతి నీలంగా ఉందా?"

"పసుపండీ."

"ఇది ఆ విషంలా లేదే. సరే, మీరు జిగురంటున్నారు కాబట్టి ముందు ఆ దారిలోనే చూద్దాం. చిగుళ్ళు చూస్తే నాకు మాత్రం వేరే అనుమానంగా ఉంది. దారి తప్పితే రేపటికి చేతులు దాటిపోతుంది. అందుకే మళ్ళీ అడుగుతున్నా, బాగా ఆలోచించి చెప్పండి. ఎలుక గానీ..."

ఆ మాట వినపడగానే, పొద్దుట్నుంచీ తల ఎత్తని మేస్త్రీ తల ఎత్తింది. నిలబడే ఆ ఒక్క చెవీ నిక్కించింది. ముందుకాళ్ళు ఊని లేవబోయింది. లేవలేక బల్ల మీద పడిపోయి, 'ఇదిగో వస్తున్నా' అన్నట్టు బావ మొహంలోకి చూసింది.

బావ దాని తల రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "ఉన్నాయండీ! ఎలుకలున్నాయి! మా షాపు నిండా ఎలుకలే! రోజూ పడుతుందండీ, నేనే శభాష్ అంటాను. పందికొక్కు పెదవి కొరికింది, ఇదిగో, ఇక్కడ. ఎలుకలు ఈదిన నీళ్ళు తాగింది. అబద్ధం చెప్పానండీ. దీన్ని బతికించండి, మీ కాళ్ళు పట్టుకుంటాను."

డాక్టరు తిట్టలేదు. గబగబా రక్తం తీసి పరీక్షకి పంపాడు. సూది మందు వేసి సెలైను పెడుతూనే మాట్లాడాడు. "ఎలుక జ్వరం అనుకుంటున్నా. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలోంచి, గాయాల్లోంచి ఎక్కుతుంది. కాలేయాన్నీ కిడ్నీలనీ పట్టుకుంటుంది. ఎలుకల మందేమైనా పెట్టారా? అది తిన్న ఎలుకని కుక్క తిన్నా ప్రమాదమే."

"పెట్టలేదండీ. మందెందుకు, ఇదుండగా" అన్నాడు బావ ఏడుస్తూ.

"దీని మూత్రం, వాంతి ఎవరు శుభ్రం చేస్తున్నారు? ఉత్త చేతులతోనేనా? మీ వేళ్ళ నిండా కత్తి గాట్లే ఉన్నాయే! ఇది మనుషులకీ వస్తుంది. ఇంటిల్లిపాదీ ఇవాళే వెళ్ళి మీ డాక్టరుకి చూపించుకోండి. ఇక నుంచి తొడుగుల్లేకుండా ముట్టుకోవద్దు."

నేను నా సూది పోట్ల వేళ్ళు చూసుకున్నాను. ఎన్ని ఎలుకల్ని పొట్లం కట్టానో!

బయటికి వచ్చాం. బావ కుడితిలో పడ్డ ఎలుకలా ఆఫీసరమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, పుస్తకాలు రేపే కట్టి పంపించేస్తాను. క్షమించండి" అన్నాడు.

ఆవిడ బుట్ట పట్టుకుని లేచి, గుమ్మంలో నిలబడి, మెల్లగానే అయినా అందరికీ వినపడేలా అంది. "డాక్టరుగారూ, చీటీలో తలుపు సందు అని రాయించాను. తప్పు. దీన్ని కూడా ఎలుకే కరిచింది. మా ఇంట్లో కాదు, లైబ్రరీలో. రెండేళ్ళుగా స్టాకు గదిలో పెంచుతున్నాను. పైవాళ్ళకి తెలియదు."

నాకు నవ్వు ఆగలేదు. మేస్త్రీ అక్కడ అలా ఉంటే నవ్వేమిటే అని నన్ను నేను తిట్టుకుంటూనే నవ్వాను. ఆవిడ బావ వైపు తిరిగి, "పుస్తకాలు అక్కడున్నా ఎలుకలే, ఇక్కడున్నా ఎలుకలే. ఇనప బీరువాలు రెండు పంపిస్తాను, వాటిలో పెట్టండి. కలుగులు సిమెంటుతో మూయించండి. మా కలుగులు మూసేటప్పుడు మీరూ వచ్చి ఒక చెయ్యి వెయ్యండి" అంది.

పరీక్షలో ఎలుక జ్వరమే అని తేలింది. మేమంతా మా డాక్టరు దగ్గరికి వెళ్ళి మాత్రలు తెచ్చుకుని మింగాం. మేస్త్రీ ఐదు రోజులు ఆస్పత్రిలోనే ఉంది. బావ పొద్దున్నే వెళ్ళి, దూరంగా స్టూలు మీద కూర్చుని, ఆ రోజు ఏ పుస్తకం విప్పామో, ఏ ఫారం చిరిగిందో దానికి చెప్పి వచ్చేవాడు. నాలుగో రోజు తోక కదిలించిందని షాపుకి పరిగెత్తుకొచ్చి చెప్పాడు. మా అక్క జిగురు మాడిపోతున్నా చూసుకోకుండా మొగుడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆ పూట పని సాగలేదు, ఎవరికీ బెంగ లేదు.

ఇంటికి తెచ్చుకునే రోజు డాక్టరు బావ భుజం తట్టి, "ఆ పూట చెప్పారు కాబట్టి దక్కింది. మర్నాడు చెప్పుంటే నేను చేయగలిగింది ఉండేది కాదు" అన్నాడు.

ఆటోలో బావ చేతులకి తొడుగులు, ఒళ్ళో దుప్పటి, దుప్పట్లో మేస్త్రీ. చిక్కి సగమైంది గానీ కిటికీలోంచి వీధంతా చూస్తోంది. సగం దారిలో బావ మేస్త్రీ వైపే చూస్తూ అడిగాడు.

"ఆ రోజు నువ్వెందుకు చెప్పలేదు మరదలా?"

"నువ్వు కాలు తొక్కావు కదా బావా."

తల ఊపాడు. దుప్పటి కొస సర్ది, ప్రాణాల మీదికి రాకుండానే, జీవితంలో మొదటిసారి తన మాట తానే వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వుండు అన్నాను కదూ, అది తప్పు. ఇంకెప్పుడైనా అలా తొక్కితే, పెద్దవాణ్ణని చూడకు. తిరిగి తొక్కు."