మలుపులో కట్టిన ఎర్ర గుడ్డలు

చిత్తూరు నుంచి ఉద్యోగానికి హోసూరు వచ్చిన పశువుల డాక్టరును నేను. బాగలూరు అవతల పందెపు గుర్రాలకు దౌడు నేర్పే ఇసుక ట్రాకు ఒకటుంది. అక్కడి గుర్రాల కాళ్లు చూడటం నా పని. పొద్దున్నే ముంగాళ్లు చేత్తో తడిమి, వేడి ఉందా, వాపు ఉందా అని చూస్తాను.

ఏ గుర్రం కుంటినా, ఎక్కడ కుంటడం మొదలుపెట్టిందో రౌతును అడిగి, ఆ చోట కంచెకు ఎర్ర గుడ్డ కట్టేదాన్ని. వానాకాలం దాటేసరికి మిగతా ట్రాకంతా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే, ఒక్క మలుపులో మాత్రం గుత్తులుగా వేలాడాయి. ట్రాకు తడిపే నీళ్ల ట్యాంకరు రోజూ వెనక్కి తిరిగేది అక్కడే. దాని బరువుకు పైన ఇసుక పలచన, కింద నేల బండ అయిపోయాయి. ఎన్నిసార్లు చెప్పినా మేనేజరు చెవికెక్కించుకోలేదు. దిష్టి తగిలిందని, ఆ మలుపులోనే బూడిద గుమ్మడికాయ కొట్టించేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ట్రాకు యజమాని చూడటానికి వస్తున్నాడని, ఒక ఆడగుర్రాన్ని పూర్తి వేగంతో పరిగెత్తించాలన్నాడు మేనేజరు. అప్పుడప్పుడే వాపు తగ్గిన కాలు దానిది. ఆ మలుపులో మళ్లీ దెబ్బ తగిలితే ఎముక విరుగుతుంది. కాలు విరిగితే దాని ప్రాణం తీసే సూది వేయాల్సింది నేనే. వేయను గాక వేయను అనుకున్నాను.

మేనేజరు గుమ్మడికాయ పట్టుకుని వచ్చాడు.

"ఆ గుడ్డలు ఇప్పేయమ్మా, ఓనరు చూస్తే ఏమనుకుంటాడు?"

"చూడనియ్యప్పా. ఇప్పను."

"ముందే దిష్టి తీసేస్తాము కదా, ఇంకేం భయం?"

"అట్లయితే ఆ కాయ ఆడ కొట్టప్పా, గుడ్డల్లేని చోట," అన్నాను.

అప్పటికే యజమాని కారు దిగి మా పక్కన నిలబడ్డాడు. ఆయన ముందు కాదనలేక, మేనేజరు ట్రాకు సూటిగా ఉన్నచోట కాయను ఎత్తి నేలకేసి కొట్టాడు. అది ఇసుకలో దిగబడి కూర్చుంది, బీట కూడా పడలేదు. నేనే దాన్ని మోసుకొచ్చి మలుపులో నేలకేసి కొట్టాను. ముక్కలు కంచె దాకా చిందాయి.

"దిష్టి యాడుందో ఇప్పుడు చెప్పప్పా. ఈ నేల తవ్వి ఇసుక పోసేదాకా ఏ గుర్రాన్నీ ఈడ దౌడు తీయనియ్యను," అని ట్రాకుకు అడ్డంగా నిలబడ్డాను. ఉద్యోగం పోతే పోనీ. అక్కడి నుంచి కదల్లేదు.

యజమాని ముక్కలను పక్కకు తోసి, మడమతో నేలను తన్ని చూశాడు. "గుర్రాన్ని లాయానికి తోలుకుపోండి," అన్నాడు.

ఆడగుర్రం నా భుజానికి రాసుకుంటూ నాలుగు కాళ్ల మీద నడిచిపోయింది. ఆ సూది నా మందుల పెట్టెలోనే ఉండిపోయింది.