ఒకప్పుడు ప్రాణం ఉండేది

మా కృష్ణానగర్ కరుణాకుమారి ఏడుపుకు పెట్టింది పేరు. తెరమీద ఏ తల్లి కొడుకు శవం మీద పడి ఏడ్చినా, ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లో ఆ గొంతు ఈమెదే. పప్పు తాలింపు పెట్టి వచ్చి, గుండెలు పగిలేలా ఏడ్చి, వెళ్లి అన్నం వార్చుకునేది.

అలాంటి మనిషి, భర్త బాలశౌరి పోతే కంటతడి పెట్టలేదు. ఆయన లైట్‌మన్. షూటింగ్ నుంచి వస్తూ చెక్‌పోస్ట్ దగ్గర లారీ కింద పడ్డాడు. చర్చిలో కొందరు ఆమెది రాతిగుండె అన్నారు. వినగానే నాకు ఒళ్లు మండింది. ఆయన పోయాడన్న సంగతి ఆమె మనసుదాకా ఇంకా చేరనేలేదు, ఏడుపెక్కణ్ణించి వస్తుంది? నెలలు గడిచినా "మా ఆయన కారం తినరండీ" అనేదేగాని, "తినేవారు కాదు" అని ఒక్కసారీ అనలేదు. మైకు ముందూ ఏడుపు రావడం మానేసింది. పిలిచేవాళ్లు తగ్గారు.

ఊరంతా సాఫ్ట్‌వేర్ జపం చేస్తున్న రోజులవి. బంజారాహిల్స్‌లో సైన్సు పాఠాల సీడీలు చేసే కంపెనీకి ఏ భావమూ లేని గొంతు కావాల్సొచ్చింది. సౌండ్ ఇంజనీర్ జగదీశ్ ఆమెను పిలిచాడు. నేనూ డబ్బింగ్ చెప్పేదాన్నే, నా వంతు కోసం అతని పక్కనే కూర్చున్నాను.

ఆస్ట్రేలియాలో నిమ్మరసం కన్నా పుల్లటి ఉప్పు చెరువులున్నాయట. నీళ్లెండి ఉప్పు గడ్డకట్టేటప్పుడు సూక్ష్మజీవులు అందులో చిక్కుకుపోతాయట. అలాంటి చెరువులు మిగిల్చే ఖనిజాలే అంగారకుడి మీదా కనిపించాయి కాబట్టి, అక్కడా వాటి ఆనవాలు వెతకాలన్నది పాఠం.

"ఆనవాలు దొరికితే, ఒకప్పుడు అక్కడ ప్రాణం ఉందని అర్థం," అని చదివింది కరుణాకుమారి.

"అక్కా, 'ఉందని' కాదు, 'ఉండేదని'," అన్నాడు జగదీశ్ అద్దం ఇవతల నుంచి.

మళ్లీ "ఉందని" అంది. మళ్లీ అదే.

"జర చూస్కో అక్కా. ఉన్నదంటే కంపెనీవాళ్లు ఒప్పుకోరు. ప్రాణం ఎప్పుడో పోయింది. ఆనవాలే మిగిలింది."

"పోయిందా?"

"పోయిందక్కా."

కాగితం మీద ఆ మాట కింద వేలు పెట్టుకుంది. "ఒకప్పుడు అక్కడ ప్రాణం ఉండేదని అర్థం," అంది. కంపెనీ కోరినట్టే, ఏ భావమూ లేకుండా.

జగదీశ్ ఓకే అని, గొంతుకు తగ్గట్టు గీత కదిలే కంప్యూటర్‌లో తల దూర్చాడు. అద్దం అవతల ఆమె మైకు స్టాండు పట్టుకుని వంగిపోయింది. భుజాలు అదిరిపోతున్నాయి, నోరు తెరుచుకుని ఉంది. ఇన్నేళ్లూ అందరి తరఫునా ఏడ్చిన గొంతు, తన వంతు వచ్చేసరికి పెగల్లేదు.

"మైకు పోయినట్టున్నదక్కా," అన్నాడు నాతో జగదీశ్. "గీత కదుల్తలేదు."