పెట్టెలో ఆగిన లారీ

మా ఇంట్లో బీరువాకీ కిటికీకీ మధ్య, ఫ్రిజ్ ఉండాల్సిన చోట, ఒక పాత గిటార్ యాంప్లిఫయర్ ఉంది. ఫ్రిజ్ వంటింటి గుమ్మానికి సగం అడ్డంగా నిలబడి ఉంటుంది. ఈ ఏర్పాటు చూసి చుట్టాలు ముఖముఖాలు చూసుకుంటే, మా ఆవిడ వాళ్లకు మంచినీళ్లిస్తూ ఒకటే మాట అంటుంది: "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాట్ట." వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. యాంప్ మాత్రం జరపను.

అది నాకంటే వయసులో పెద్దది. ఏ దేశం నుంచి ఎవరి సామానులో వచ్చిందో తెలియదు. చంపాపేట్‌లో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా మూతపడుతున్నప్పుడు వాళ్ల గదిలో మొదటిసారి చూశాను. దాని మీద టీ ఫ్లాస్కు, పక్కన ఎంగిలి కప్పులు. వెండిదారం కలిసిన స్పీకర్ గుడ్డ, నల్లతోలు, మూల ఎర్రపూస లాంటి దీపం. ఫ్లాస్కు తీసి కింద పెట్టి, దుమ్ము తుడిచి, ఇంటికి తెచ్చుకున్నాను.

గిటార్ వాళ్ల లోకంలో వాల్వులకు ఉన్న మర్యాద ట్రాన్సిస్టర్లకు లేదు. గాజు బుడ్లు ఎర్రగా కాగితేనే శబ్దానికి ప్రాణం వస్తుందంటారు. నాది గాజు లేని రకం, ట్రాన్సిస్టర్లతో నడిచేది. అందుకే ఎవరూ కొనక, కొన్నాళ్లకే తయారీ ఆపేశారట. ఇలాంటిది ఈ ఊళ్లో మరొకటి ఉందని నేనింతవరకు వినలేదు. కాకిపిల్ల కాకికి ముద్దంటారా, అనండి. తీగ మీటితే వేసవిలో కుండనీళ్లు స్టీలు గ్లాసులోకి ఒంపినట్టుంటుంది దాని గొంతు. ఒక మీట తిప్పితే అదే గొంతు అలలా వణుకుతూ గదిలోంచి కిటికీలోకి, కిటికీలోంచి గల్లీలోకి పోతుంది. నేను మీటానా, లేక అదే ఎక్కడినుంచో వస్తూ నా వేలికి తగిలిందా అన్నది కాసేపు తెలియదు.

పగలంతా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మైకు ఉన్నా అరుస్తాను, అది నా స్వభావం. సాయంత్రం మెట్రోలో ఎల్బీనగర్ చేరేసరికి గొంతు ఉండదు. అప్పుడు ఆ యాంప్ ముందు కూర్చుని మూడు నాలుగు స్వరాలు మీటుతాను. పాటలు నాకు పెద్దగా రావు. అక్కరా లేదు. హాస్టళ్ల కిటికీల్లో లైట్లు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి, ఎవరింట్లోనో కుక్కర్ కూస్తుంది, పావురాలు గోడల మీద సర్దుకుంటాయి. ఆ కాసేపు ఈ ఊరు నాకు ఎంతో ఇష్టంగా ఉంటుంది.

యాంప్‌కు ఒక జబ్బుంది. వాయించినా మానినా అడుగున గూం అని ఒక సన్నని హోరు. లోపలి కెపాసిటర్లు ముసలివై ఎండిపోతే అలాగే అవుతుంది. కరెంటులోని ఎగుడుదిగుళ్లను అవి చదును చేయలేవు. ఈ పాఠం చెప్పేది నేనే. కొత్తవి వేయాలని అనుకుంటూనే రోజులు దొర్లించాను.

కింది వాటాలో మా ఇంటి ఓనరమ్మ ఉంటుంది. నల్గొండ వైపు పల్లెనుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ మనిషి. మేం కృష్ణా జిల్లా వాళ్లం. మొదట్లో మా ఆవిడ ఆమెను ఆంటీ అంటే, "ఆంటీ ఏందమ్మా, పెద్దమ్మ అను" అంది. అప్పటినుంచి ఇద్దరికీ పెద్దమ్మే. సాయంత్రం నేను యాంప్ వేయగానే ఆమె చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని మా మెట్ల మీదికొచ్చి కూర్చునేది. నా వాయింపుకు ఒక శ్రోత దొరికిందని లోలోపల మురిసిపోయాను. ఒకరోజు స్విచ్ ఆపబోతుంటే మెట్ల మీదినుంచి కేకేసింది: "సారూ, జర అట్లనే ఉండనియ్యిండ్రి. బంద్ చెయ్యకుండ్రి."

ఎందుకో దసరాకు తెలిసింది. ఆయుధ పూజ ముందురోజు పైకొచ్చి అడిగింది. "గీ పెట్టెకు పూజ జేస్తలేరా సారూ?"

"దానికెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"మాకు లారీ ఉండె గదా. ఆయన పోయినంక అమ్మేసినం. బత్తాయిలు తెచ్చి గీ పండ్ల మార్కెట్ల దించి, గల్లీ మొగాన నిలవెట్టి చాయ్ తాగేటోడు. ఇంజన్ బంద్ జేస్తే మల్ల స్టార్ట్ గాకపోయేది. నేను గ్లాసు పట్కపోయి ఇస్తే, తాగేదాంక అది నడుస్తనే ఉండేది. మీ పెట్టె గిట్ల గూం అంటే..." అని యాంప్ వైపు చూసింది. "ఆయన చాయ్ తాగుతున్నట్టుంటది సారూ. ఇప్పుడు దసరాకు పూజ జేద్దామంటే ఇంట్ల బండి లేదు."

చెయ్యమన్నాను.

మర్నాడు స్నానం చేసి, పసుపు, కుంకుమ, బంతిపూల దండ, నిమ్మకాయ, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. యాంప్ ఆన్ చేసి ఉంచమంది. బంద్ ఉన్న బండికి పూజ చెయ్యరట. ఎర్రదీపం పక్కన కుంకుమ బొట్టు పెట్టింది. బంతిపూల కింద ఆ గూం శబ్దం వింటుంటే, నిజంగానే గల్లీ చివర ఎవరో బండి ఆపుకుని ఉన్నారనిపించింది. గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టింది. చిప్పలో నీళ్లు జాగ్రత్తగా పట్టుకుని యాంప్ వెనక్కి నడిచింది. వెనకవైపు చెక్క తెరిచే ఉంటుంది, లోపలి సామగ్రి కనిపిస్తుంది. నేను వద్దనేలోపే, "ఇంజన్ చల్లగుండాలె" అంటూ నీళ్లన్నీ అందులో పోసేసింది.

ఠప్ అంది. ఎర్రదీపం ఆరిపోయింది.

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం రాదు. నోటికంటే ముందు సార్ ముఖం తిడుతుందని పిల్లలంటారు. పెద్దమ్మ ఆ ముఖం చూసింది. ఖాళీ చిప్ప రెండు చేతులతో పట్టుకుని, "సచ్చిందా సారూ?" అంది. తర్వాత మెల్లగా, "ఆయన గట్లనే పోసేటోడు. కొబ్బరినీళ్లు మమ్ముల ఎవ్వరినీ తాగనియ్యకపోయేటోడు, ఇంజన్‌కే అనేటోడు" అంది. నా కోపానికి ఎటు పోవాలో తెలియలేదు.

ప్లగ్ పీకి, లోపలి బోర్డు విప్పి, స్పిరిట్‌తో కడిగి డాబా మీద ఎండలో పెట్టాను. పెద్దమ్మ గొడుగు వేసుకుని దాని పక్కనే కూర్చుని పావురాలను తోలింది. నేనూ కూర్చున్నాను. ఆరేసిన చీరలు గాలికి లేస్తూ పడుతూ ఉన్నాయి. దూరంగా హైవే మీద లారీలు బాటసింగారం వైపు పోతున్న చప్పుడు ఉండీ లేనట్టు వినిపిస్తోంది. పండ్ల మార్కెట్ అక్కడికి మారాక ఈ వైపు లారీలే రావడం లేదని, ఆ చప్పుడు వైపే చెవి పెట్టి చెప్పింది. ఎండ పలచబడి నీడలు పిట్టగోడ ఎక్కేదాకా మేమిద్దరం బోర్డును అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టాం.

మరుసటి సాయంత్రం ఫ్యూజు మార్చాను. పనిలో పనిగా పాత కెపాసిటర్లు తీసి కొత్తవి అతికించాను. స్విచ్ వేస్తే ఎర్రదీపం వెలిగింది. హోరు లేదు. చెవి ఆనించి విన్నా లేదు. స్వరం మీటితే ఏ మచ్చా లేకుండా గాల్లో నిలబడింది. ఆనందం పట్టలేక పెద్దమ్మను పిలిచాను. గుమ్మంలో నిలబడి చివరిదాకా వింది. ఆ తర్వాత కూడా కాసేపు వింది. "మంచిగుంది సారూ. కొత్తదాని లెక్కుంది" అని దిగిపోయింది.

తర్వాత సాయంత్రాలు మెట్లు ఖాళీ. పూజ నాటి బెరుకు ఇంకా పోలేదనుకున్నాను. మా ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఆవిడ మీ వాయింపు వినడానికొచ్చేదనుకుంటున్నారా? మీ వాయింపు నేనే వినను. మీరు తీసి స్క్రూల డబ్బాలో పడేశారే, ఆవిడ వినేది దాన్నండీ."

ఇంత చదువు చెప్పేవాణ్ని, ఆ మాట నాకు తట్టలేదు. బాగుచేసే సరదాలో ఆమె లారీని నేనే తోలేశాను. డబ్బా తీశాను. పాతవాటిలో ఒకటి బాగా ఎండినా ఇంకా ఊపిరితో ఉంది. కొత్తదాన్ని తీసి దాన్నే తిరిగి అతికించాను. పిల్లలెవరైనా ఇలా రాస్తే సున్నా వేస్తాను. అది ఎన్నాళ్లు బతుకుతుందో చెప్పలేను, ఏదో ఒక రోజు పూర్తిగా ఎండిపోతుంది.

సంధ్యవేళ స్విచ్ వేశాను. గూం అంటూ హోరు నేలలోంచి లేచినట్టు లేచింది. గిటార్ ముట్టుకోలేదు. కింద గిన్నె చప్పుడైంది, స్టవ్ వెలిగింది. అల్లం వాసన మెట్లెక్కింది, వెనకాలే పెద్దమ్మ, చేతుల్లో రెండు గ్లాసులు. లోపలికొచ్చి ఒక గ్లాసు సరాసరి యాంప్ మీద పెట్టింది. పూజ తర్వాత ఆ చుట్టుపక్కల మంచినీళ్ల గ్లాసు కూడా కనబడకూడదని మా ఆవిడ చట్టం చేసింది. "పెద్దమ్మా!" అని తను ఉలిక్కిపడి లేవబోతే, చెయ్యి పట్టుకుని ఆపాను.

పెద్దమ్మ రెండో గ్లాసుతో గుమ్మంలో కూర్చుంది. యాంప్ మీది చాయ్ ఆ హోరుకు సన్నగా వణుకుతోంది.

"తాగేదాంక బంద్ చెయ్యకుండ్రి సారూ" అంది, నా వైపు చూడకుండా.

"చెయ్యను పెద్దమ్మా" అన్నాను.

ఆ చాయ్ పూర్తిగా చల్లారిపోయేదాకా స్విచ్ ముట్టుకోలేదు.